రోగి పక్కన విద్యార్థి, విద్యార్థి పక్కన గురువు: వైద్య విద్య పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య విద్య సంచాలకుల వారికి, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, హైదరాబాద్‌లోని వైద్య కళాశాలల ప్రిన్సిపాళ్ళకు, జనరల్ మెడిసిన్ విభాగాధిపతులకు

నమస్కారాలు.

నేను ఈ నగరంలోని ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ చెబుతున్న వైద్యురాలిని. ఈ లేఖలో మిమ్మల్ని అడుగుతున్నది ఒక్కటే. ఎంబీబీఎస్ చదివే ప్రతి విద్యార్థీ రోగిని పరీక్షిస్తున్నప్పుడు పక్కనే ఒక అధ్యాపకుడు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూడాలి. చూసి, ఎక్కడ పొరపాటు జరిగిందో అక్కడికక్కడే చెప్పాలి. నాలుగున్నరేళ్ళ చదువూ ఏడాది హౌస్ సర్జన్సీ పూర్తి చేసుకుని వెళ్తున్న పిల్లల్లో చాలామందిని అలా ఒక్కసారి కూడా ఎవరూ చూడలేదు. వాళ్ళు చెప్పింది విన్నాం, ప్రశ్నలు అడిగాం, చేసిన పనులు నమోదు చేసే లాగ్ బుక్‌లో సంతకాలు పెట్టాం. వాళ్ళ చేతులు రోగి ఒంటి మీద ఏం చేస్తున్నాయో మాత్రం చూడలేదు.

ఈ మాట అతిశయంగా అనిపిస్తే మీ కళాశాలలో హౌస్ సర్జన్సీ చేస్తున్న ఓ పది మందిని పిలిచి అడగండి. "నువ్వు రోగి పొట్ట పరీక్షిస్తున్నప్పుడు నీ చెయ్యి ఎక్కడ మొదలైందో, ఎంత లోతుకు నొక్కిందో దగ్గరుండి చూసిన సార్ గానీ మేడమ్ గానీ ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. ఎదురుగా అధికారి కూర్చుని ఉన్నా వాళ్ళు నిజమే చెబుతారు, ఎందుకంటే అందులో దాచవలసిన తప్పు వాళ్ళది కాదు.

వార్డులో పొద్దుటి పూట ఎలా గడుస్తుందో మీకు తెలియనిది కాదు. అయినా కాగితం మీద ఉన్నదానికీ మంచం పక్కన జరిగేదానికీ ఎంత దూరం పెరిగిందో ఒకసారి గుర్తు చేయాలి. నిబంధనల ప్రకారం క్లినికల్ పోస్టింగ్, అంటే వార్డులో రోగుల దగ్గర శిక్షణ, రోజుకు మూడు గంటలు. బ్యాచ్‌లో పాతిక మంది దాకా ఉంటారు. ఉస్మానియా, గాంధీ వైద్య కళాశాలల్లో ఏటా చెరో 250 మంది చేరుతున్నారు. ఆ సంఖ్యను ఎన్ని యూనిట్లకు పంచినా మంచం చుట్టూ చేరే గుంపు పెద్దదే అవుతుంది. విద్యార్థులు వార్డుకు వచ్చే వేళకు యూనిట్ చీఫ్ రౌండ్స్‌లో ఉంటారు. ఓపీ రోజైతే అసిస్టెంట్ ప్రొఫెసర్లు అక్కడ చిక్కుకుపోతారు. అడ్మిషన్ రోజైతే పీజీలకు ఊపిరి సలపదు. చివరికి విద్యార్థులే ఒక కేసు ఎంచుకుంటారు. ఇద్దరు ముగ్గురు రోగితో మాట్లాడి రాసుకుంటారు. మిగతావాళ్ళు ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుంటారు.

పదకొండు ప్రాంతంలో అధ్యాపకుడు వస్తాడు. ముందు వరుసలో నిలబడ్డ అమ్మాయి కేసు చెబుతుంది. "కాలేయం పక్కటెముకల కింద మూడు సెంటీమీటర్లు తగులుతోంది సార్." వెంటనే ప్రశ్న వస్తుంది: కాలేయం పెరగడానికి కారణాలు చెప్పు. అక్కడితో చర్చ రోగిని వదిలి పుస్తకంలోకి వెళ్ళిపోతుంది. కారణాలు ఒక్కొక్కటిగా బయటికి వస్తుంటాయి, అధ్యాపకుడు సంతోషిస్తాడు, వెనక వరుసలోవాళ్ళు రాసుకుంటారు. ఆ కాలేయం నిజంగా ఆ అమ్మాయి వేళ్ళకు తగిలిందా, కేస్ షీట్‌లో మడిచి పెట్టిన అల్ట్రాసౌండ్ రిపోర్టు చూసి చెప్పిందా అన్నది ఎవరూ అడగరు. "ఏదీ, చేసి చూపించమ్మా" అనే చిన్న మాట ఆ మూడు గంటల్లో ఎక్కడా వినిపించదు.

సంగీతం నేర్పే గురువు శిష్యురాలి చేత పాడించి వింటాడు, రాగ లక్షణం అప్పజెప్పించుకుని ఇంటికి పంపించడు. మనం మాత్రం పంపించేస్తున్నాం.

పక్కన నిలబడి చూసినప్పుడు మాత్రమే బయటపడే సంగతులు కొన్ని చెబుతాను. ప్లీహం (స్ప్లీన్, పొట్టలో ఎడమ పక్కటెముకల చాటున ఉండే అవయవం) వెతకమంటే చాలామంది నేరుగా ఎడమ పక్కటెముకల కిందే చెయ్యి పెడతారు. ప్లీహం కొద్దిగా పెరిగి ఉంటే దొరకవచ్చు. బొడ్డు దాటి కుడివైపు దిగువకు పెరిగిన ప్లీహం మాత్రం ఆ చేతికి చిక్కదు. ఎందుకంటే వేళ్ళు అప్పటికే దాని మీద ఉన్నాయి, దాని అంచు మాత్రం ఎక్కడో కింద ఉంది. ఆ గట్టిదనాన్ని బిగుసుకున్న పొట్ట కండరం అనుకుని "ప్లీహం తగలడం లేదు" అని రాసేస్తారు. అంటే అన్నిటికంటే పెద్ద ప్లీహాన్నే అన్నిటికంటే సులువుగా వదిలేస్తారు. కుడి గజ్జ పైభాగంలో మొదలుపెట్టి, రోగి గాలి పీల్చిన ప్రతిసారీ కొద్దికొద్దిగా ఎడమ పక్కటెముకల వైపు జరగాలని ఆ విద్యార్థికి తెలుసు. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, తడుముకోకుండా చెబుతాడు. చేతికి మాత్రం ఆ సంగతి ఎవరూ నేర్పలేదు.

బీపీ పట్టీని చొక్కా చేతి మీదుగానే చుట్టేవాళ్ళు ఉన్నారు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టి, ఎక్కువగా వచ్చిన అంకెను చూసి రక్తపోటు అని రాసేవాళ్ళు ఉన్నారు. మెడలో సిర ఉబ్బు చూడమంటే రోగిని వెల్లకిలా పడుకోబెట్టి చూస్తారు. అలా పడుకుంటే ఆరోగ్యవంతుడి మెడలోనూ ఆ సిర నిండి కనిపిస్తుంది. సుమారు 45 డిగ్రీల వాలులో కూర్చోబెట్టి, తలను కొద్దిగా పక్కకు తిప్పించి, వెలుతురు పడేలా చూడాలి. గుండెలోని మైట్రల్ కవాటం సన్నబడినవాళ్ళ గుండె చప్పుడైతే ఇంకా సున్నితం. రోగిని ఎడమ పక్కకు ఒత్తిగిలమని, స్టెతస్కోపు గంట వైపును గుండె కొన మీద తేలిగ్గా ఆనించి, ఊపిరి వదిలి ఆపమని చెవి పెడితే తప్ప ఆ లోతైన గురగుర వినిపించదు. స్టెతస్కోపు రెండో వైపైన చదునైన డయాఫ్రమ్ పెట్టి గట్టిగా నొక్కితే ఉన్న చప్పుడు కూడా పోతుంది. వినపడని విద్యార్థి ఏం చేస్తాడు? ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో కవాటం సన్నబడిందని ఉంది కాబట్టి చప్పుడు వినిపించిందనే రాస్తాడు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. చెయ్యి తిరగకపోవడం దిద్దుకోగల లోపం. చూడనిది చూసినట్టు, విననిది విన్నట్టు రాయడం అలవాటైతే అది మనిషితో పాటు ముప్పై నలభై ఏళ్ళు ప్రయాణం చేస్తుంది. మీకు వీలున్నప్పుడు ఏ వార్డులోనైనా పది కేస్ షీట్లు తెప్పించుకుని, ఊపిరి వేగం ఎంత రాశారో చూడండి. 18, 20, 18, 18, 20. న్యుమోనియాతో రొప్పుతున్నవాడికీ అదే, రేపు ఇంటికి వెళ్ళబోయే వాడికీ అదే. మనుషులందరూ ఒకే వేగంతో ఊపిరి తీయరు. వాచీ చూస్తూ ఒక నిమిషం పాటు ఛాతీ కదలికను లెక్కపెట్టే పని ఎవరూ చేయలేదని ఆ అంకెలే చెబుతున్నాయి. పరికరం అక్కర్లేని, పైసా ఖర్చు కాని ఆ పరీక్ష, రోగి పరిస్థితి దిగజారుతోందని మిగతా వాటికంటే ముందు చెప్పే సంకేతాల్లో ఒకటి. ఆ ఒక్క నిమిషం విలువ మన విద్యార్థికి ఎవరు నేర్పాలి? ఎవరైనా పక్కన నిలబడి "లెక్కపెట్టావా?" అని అడిగి ఉంటే అతను లెక్కపెట్టి ఉండేవాడు.

వానాకాలం ఉదాహరణ ఒకటి చెబుతాను. జూలై దాటిందంటే మన నగరంలో జ్వరాల వార్డులు ఎలా నిండిపోతాయో మీకు తెలుసు. డెంగీ రోగికి ఐదో రోజు జ్వరం తగ్గుతుంది. ఇంటివాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. అందరి దృష్టీ ప్లేట్‌లెట్ల లెక్క మీదే. అవి యాభై వేలకు పడ్డాయని బంధువులు రక్తనిధుల చుట్టూ పరుగులు పెడుతుంటారు. రక్తస్రావం లేని రోగికి ఆ సంఖ్య దగ్గర ప్లేట్‌లెట్లు ఎక్కించవలసిన పనే లేదు. అసలు ప్రమాదం జ్వరం తగ్గే ఆ వేళలోనే, వేరే చోట మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారడం మొదలవుతుంది. బీపీ 100/84 అని రాసి ఉంటుంది. పై అంకె ఒక్కటే చూసినవాళ్ళు బాగానే ఉందంటారు. రెండింటికీ మధ్య తేడా చూడండి, పదహారే. ఆ తేడా 20 గానీ అంతకంటే తక్కువకు గానీ వచ్చిందంటే రోగి షాక్‌లోకి వెళ్తున్నాడని అర్థం. అతని చేతులు పట్టుకుంటే చల్లగా తగులుతాయి. గోరు నొక్కి వదిలితే ఎర్రదనం తిరిగి రావడానికి రెండు సెకన్లకు మించి పడుతుంది. నాడి వేగంగా, సన్నగా కొట్టుకుంటుంది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరుగుతూ ఉంటుంది. అప్పుడు సెలైన్ సరైన మోతాదులో, గంట గంటకూ చూసుకుంటూ ఇస్తే మనిషి నిలబడతాడు.

ఇదంతా పాఠంలో ఉంది. కానీ చల్లబడిన చెయ్యి ఎలా ఉంటుందో పాఠంలో తెలియదు. ఒక్కసారి అధ్యాపకుడు విద్యార్థి చేతిని తీసుకుని ఆ రోగి చేతి మీద పెట్టి, "ఇదుగో, ఇది. పక్క మంచం రోగి చెయ్యి కూడా పట్టుకుని చూడు, తేడా తెలుస్తుంది" అంటే చాలు. ఆ విద్యార్థి రేపు వికారాబాద్‌లోనో భూపాలపల్లిలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ తేడాను గుర్తుపడతాడు.

యంత్రాలు వచ్చాయి కదా, చేత్తో చూడడం ఇంకా దేనికి అనే మాట ఈమధ్య పెద్దల నోట కూడా వింటున్నాను. స్కాన్లు నాకూ కావాలి, రోజూ రాస్తాను. కానీ ఏ స్కాన్ రాయాలో చెప్పేది రోగి మాట, రోగి ఒళ్ళు. 1975లో బ్రిటన్‌లో హాంప్టన్, ఆయన సహచరులు ఓపీకి కొత్తగా వచ్చిన 80 మంది రోగులను పరిశీలించారు. రోగిని పంపిన డాక్టరు ఉత్తరం చదివి, రోగి చెప్పింది విన్నాక వైద్యుడు వేసుకున్న నిర్ధారణే 66 మందిలో చివరికి నిలిచింది. ఒంటి పరీక్ష వల్ల ఏడుగురిలో, ల్యాబ్ పరీక్షల వల్ల మరో ఏడుగురిలో నిర్ధారణ తేలింది. ఆ తర్వాత యాభై ఏళ్ళలో పరీక్షల శక్తి ఎంతో పెరిగింది, నిజమే. అయినా రోగి నోరు విప్పి చెప్పేదాన్ని ఓపికగా వినగలిగే నేర్పు విలువ తగ్గలేదు. మన నగరంలో ఆ నేర్పుకు మరో అవసరం కూడా ఉంది. ఒకే వార్డులో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడం మాట్లాడే రోగులు పక్కపక్కనే పడుకుని ఉంటారు. ఇంగ్లీషులో చదువుకున్న విద్యార్థి వాళ్ళ భాషలో వాళ్ళ బాధను రాబట్టాలి. అది కూడా ఎవరో ఒకరు పక్కన కూర్చుని వింటేనే దిద్దగలిగేది.

మా వార్డులో జరిగిన సంగతి ఒకటి. వారం దాటిన జ్వరంతో ఒక నడివయసు రైతు మహిళ చేరింది. ప్లేట్‌లెట్లు తగ్గాయి, కాలేయం ఎంజైములు పెరిగాయి, డెంగీ పరీక్షలో ఏమీ తేలలేదు, మలేరియా లేదు. ఓ థర్డ్ ఇయర్ అమ్మాయికి ఆ రోగిని అప్పగించి, నర్సింగ్ సిస్టర్ సాయంతో తెర కట్టించి, రోగి అనుమతి తీసుకుని తల నుంచి పాదం దాకా పూర్తిగా పరీక్షించమన్నాను. నేను పక్కనే ఉన్నాను. చంకలు, మెడ చూసింది. రొమ్ము కింది మడత దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అక్కడ చిన్న రూపాయి బిళ్ళంత నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు కాబట్టి రోగి చెప్పలేదు. చీర కప్పి ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. స్క్రబ్ టైఫస్ మోసుకొచ్చే చిన్న పురుగు కుట్టిన చోటు అది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాం, రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఎంతో ఖరీదైన పరీక్షలు రాసుకోబోతున్న చోట, చవకైన ఓ మాత్రతో పని జరిగింది. ఆ అమ్మాయి ఆ పొక్కును ఇక జీవితంలో మరిచిపోదు. అంతకంటే ముఖ్యమైనది, పూర్తిగా చూడడమంటే ఏమిటో ఆమెకు తెలిసింది.

రోగి మర్యాద గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పాతిక మంది వరుసగా వచ్చి ఒకే పొట్టను నొక్కిపోతే అది శిక్షణ కాదు, హింస. నొప్పితో ముఖం చిట్లిస్తున్న ముసలాయనను "తాతా, ఒక్కసారి" అంటూ పదిహేనో చెయ్యి నొక్కుతుంటే నేను ఎన్నోసార్లు ఆపించాను. మన ఆసుపత్రులకు వచ్చే పేద రోగులు కాదనలేరు. అంటే అడగనక్కర్లేదని కాదు, మరింత జాగ్రత్తగా అడగాలని. ఒక రోగి దగ్గరికి ఒక విద్యార్థి, ఒక అధ్యాపకుడు వెళ్ళే పద్ధతిలో ఈ సమస్య చాలావరకు దానంతట అదే తీరుతుంది. తన పేరు చెప్పుకుని, అనుమతి అడిగి, తెర వేసి, చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుని, నొప్పి ఎక్కడుందో ముందే అడిగి ఆ చోటును చివరికి ఉంచుకుని పరీక్షించే విద్యార్థిని రోగి కూడా ఇష్టపడతాడు. నొప్పి చోటును మొదటే నొక్కితే పొట్ట బిగుసుకుంటుంది, ఆ తర్వాత ఏదీ తెలియదు. ఇక్కడ మర్యాదా శాస్త్రమూ రెండూ ఒకే మాట చెబుతున్నాయి. వైఖరి, నైతికత, సంభాషణ గురించి 2019 బ్యాచ్ నుంచి ఏట్‌కామ్ అనే పాఠ్యభాగం పెట్టారు. దాన్ని క్లాసురూములో పవర్‌పాయింట్‌తో పూర్తి చేయడం కంటే మంచం పక్కన ఒక్క పూట చేసి చూపడం మేలు.

ఇప్పుడు పరీక్షల సంగతి. ఫైనల్‌లో జనరల్ మెడిసిన్ థియరీకి 200, ప్రాక్టికల్స్‌కు 200 మార్కులు. ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేస్ ఎలా నడుస్తుంది? విద్యార్థిని రోగి దగ్గర ఒంటరిగా వదిలేస్తాం. ముప్పావు గంట తర్వాత ఎగ్జామినర్లు వచ్చి కూర్చుని అతను చెప్పేది వింటారు. ఆ ముప్పావు గంటలో అతను రోగిని ముట్టుకున్నాడో లేదో కూడా మనకు తెలియదు. ఏళ్ళ తరబడి పరీక్షలకు వచ్చే పాత రోగులు కొందరు ఉంటారు, వాళ్ళకు తమ జబ్బు పేరు మన కంటే బాగా తెలుసు. జాలిపడి చెప్పేస్తారు. వాళ్ళను నేను తప్పు పట్టను. పద్ధతిలోనే లోపం ఉంది. ఎగ్జామినర్ కుర్చీ మంచం పక్కకు జరగాలి. కేసంతా చూడడానికి సమయం లేకపోతే, కనీసం ఒక అవయవ వ్యవస్థ పరీక్షను మొత్తంగా కళ్ళతో చూసి దానికి విడిగా మార్కులు వేయాలి. పరీక్షలో ఏది చూస్తారో విద్యార్థి దాన్నే నేర్చుకుంటాడు. ఈ ఒక్క మార్పు చేస్తే మూడో ఏడాది నుంచే వార్డులు నిండుతాయని నా గట్టి నమ్మకం.

పిల్లలు వార్డుకు రావడం లేదని, ఎప్పుడూ ఫోన్లలో పీజీ ప్రవేశ పరీక్ష వీడియోలు చూస్తుంటారని అధ్యాపకుల సమావేశాల్లో తరచూ వింటుంటాం. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, అన్నీ ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునేవే. వాటిలో ఒక్కటి కూడా విద్యార్థి చేతిని పరీక్షించదు. ఆ పరీక్ష మీదే భవిష్యత్తంతా ఆధారపడినప్పుడు పిల్లలు ఆ వైపే వెళ్తారు. వాళ్ళను నిందించే ముందు, వార్డుకు వచ్చిన రోజున వాళ్ళకు మనం ఏమిచ్చామో చూసుకోవాలి. గుంపులో వెనక నిలబడి, వినపడని చర్చను వినడానికి మూడు గంటలు గడపమంటే తెలివైన పిల్లలెవరైనా గ్రంథాలయానికే వెళ్తారు. "ఈ రోగి నీది. చేరిన రోజు నుంచి డిశ్చార్జి దాకా నువ్వే చూసుకోవాలి, రోజూ నాకు చెప్పాలి" అని ఒక రోగిని అప్పగించి చూడండి. సాయంత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి మంచం పక్కన నిలబడే పిల్లలను నేను చూశాను.

హౌస్ సర్జన్ల పరిస్థితి మరీ అన్యాయం. ఏడాదిలో జనరల్ మెడిసిన్‌కు దక్కేది ఆరు వారాలు. అందులో ఎక్కువ భాగం రక్తం తీయడానికి, శాంపిళ్ళు ల్యాబ్‌కు మోయడానికి, రిపోర్టుల కోసం కౌంటర్ల దగ్గర నిలబడడానికి, స్ట్రెచర్ వెంట స్కాన్ గదికి వెళ్ళడానికే సరిపోతోంది. రక్తం తీయడం నేర్చుకోవాల్సిందే. వందోసారి గొట్టాలు మోసినందువల్ల కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. ఆ పనికి మనుషులను నియమించడం ప్రభుత్వం చేతిలో ఉంది. దానికయ్యే ఖర్చు, శిక్షణ లేని వైద్యుడి చేతిలో ప్రజలు పడే నష్టంతో పోలిస్తే ఎంతో తక్కువ.

నా తోటి అధ్యాపకుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ళకు బోధన మీద ప్రేమ లేక కాదు. మా హాజరును యంత్రం లెక్కిస్తుంది. ప్రమోషన్‌కు పరిశోధన పత్రాలు లెక్కిస్తారు. తనిఖీకి వచ్చినప్పుడు పడకలు, ఓపీ సంఖ్య, గదుల కొలతలు లెక్కిస్తారు. మంచం పక్కన విద్యార్థితో గడిపిన సమయాన్ని మాత్రం ఎక్కడా ఎవరూ లెక్కించరు. ఆ పని చేసినా చేయకపోయినా జీతం, హోదా ఒకటే. విలియం ఆస్లర్ అనే వైద్యుడు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో వైద్య విద్య రూపురేఖలే మార్చినవాడు. వార్డుల్లో విద్యార్థులకు పాఠం చెప్పాడన్న మాట తప్ప తన సమాధి మీద మరేమీ రాయనక్కర్లేదని ఆయన చెప్పుకున్నాడు. ఆయన దేన్ని తన జీవితంలో గొప్ప పనిగా భావించాడో, ఆ పనికి మన వ్యవస్థలో ఒక గడి కూడా లేదు. ఆ గడి పెట్టండి. వారానికి ఇంతమంది విద్యార్థులను పరీక్ష చేస్తుండగా చూశానని అధ్యాపకుడు నమోదు చేస్తే, దానికి ప్రమోషన్‌లో విలువ ఇవ్వండి.

సిబ్బంది చాలరు, సాధ్యం కాదు అంటారని తెలుసు. లెక్క వేద్దాం. ఒక్కో విద్యార్థిని చూడడానికి పదిహేను నిమిషాలు, చెప్పడానికి ఐదు నిమిషాలు. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు 1990ల్లో ప్రవేశపెట్టిన మినీ సీఈఎక్స్ పద్ధతి దాదాపు ఇదే. ఒక అధ్యాపకుడు రోజుకు ఇద్దరిని చూస్తే నలభై నిమిషాలు. వారానికి ఐదు రోజులు, నాలుగు వారాల పోస్టింగ్ అనుకుంటే నలభై పరిశీలనలు. పాతిక మంది బ్యాచ్‌లో ప్రతి ఒక్కరికీ ఒకటి వచ్చి, వెనకబడ్డ పదిహేను మందికి రెండోసారి కూడా చూడవచ్చు. ఇది ఒక్క అధ్యాపకుడితో. సీనియర్ రెసిడెంట్లు, చివరి ఏడాది పీజీలు చేయి కలిపితే మూడింతలు అవుతుంది. వాళ్ళకు కూడా ముందు ఎలా చూడాలో, ఎలా నొప్పించకుండా చెప్పాలో ఒక పూట శిక్షణ ఇవ్వాలి. నిబంధనలు కొత్తగా రాయనక్కర్లేదు. 2019 పాఠ్యప్రణాళికలోనే అనేక నైపుణ్యాల పక్కన "చేసి చూపాలి" అనే స్థాయి రాసి ఉంది, లాగ్ బుక్‌లో దానికి చోటు ఉంది. సంతకం ఒక్కటే ఉండే ఆ చోట అధ్యాపకుడు తన కళ్ళతో చూసిన రెండు వాక్యాలు రాయాలని ఆదేశించండి. "ప్లీహం పరీక్ష కుడి గజ్జ పైనుంచి మొదలుపెట్టలేదు, మళ్ళీ చేయించాను, ఇప్పుడు సరిగా చేస్తోంది." ఈ మాత్రం చాలు. చూడనివాళ్ళు ఆ వాక్యం రాయలేరు.

నైపుణ్య ప్రయోగశాలలో రబ్బరు బొమ్మలు ఉన్నాయి కదా అంటారా? సూది గుచ్చడానికి, ఛాతీ నొక్కడానికి అవి మంచివే. బొమ్మకు ఆయాసం రాదు, సిగ్గు ఉండదు, చెప్పాలో వద్దో అని తటపటాయించదు.

హైదరాబాద్‌కు ఈ విషయంలో ప్రత్యేక బాధ్యత ఉంది. 1846లో ఇక్కడ మొదలైన వైద్య పాఠశాలే నేటి ఉస్మానియా వైద్య కళాశాల. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద విప్పి చూసి అందులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. దోమలు కుట్టనిచ్చిన హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. మనం కోరంటి అని పిలుచుకునే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఆయన పేరు మీదే ఉంది. ఉక్కపోతలో కూర్చుని, చూసిందే మళ్ళీ మళ్ళీ చూసి, తన కళ్ళు నమ్మిందే రాసుకున్న మనిషి నడిచిన ఊరు ఇది. ఇప్పుడు రాష్ట్రంలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో ఎనిమిది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటిలో పాఠం చెప్పబోయేవాళ్ళలో ఎంతోమంది ఇవాళ మన వార్డుల్లో పీజీలుగా ఉన్నారు. మనం ఇక్కడ ఏ పద్ధతిలో నేర్పితే అదే జిల్లాలకు వెళ్తుంది. గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఆ భవనం నమూనాలో ప్రతి వార్డు పక్కన ఆరుగురు కూర్చుని మాట్లాడుకోగల చిన్న గది, ప్రతి మంచానికీ పూర్తిగా మూసుకునే తెర ఉండేలా చూడమని సంబంధిత అధికారులను కోరుతున్నాను. బోధనాసుపత్రికి అవి అలంకారాలు కావు.

అన్నీ ఒకేసారి మొదలుకావాలని నేను అనడం లేదు. వచ్చే క్లినికల్ పోస్టింగులు మొదలయ్యేలోగా నగరంలోని ఏ రెండు ప్రభుత్వ, రెండు ప్రైవేటు కళాశాలల్లోనైనా ఒక్కో మెడిసిన్ యూనిట్‌ను ఎంచుకుని ఆరు నెలలు నడపండి. లాగ్ బుక్‌లో రెండు వాక్యాలు, ప్రతి విద్యార్థికీ చేరిక నుంచి డిశ్చార్జి దాకా ఒక రోగి, పోస్టింగ్ చివరి పరీక్షలో మంచం పక్కన కుర్చీ. ఆరు నెలల తర్వాత ఆ యూనిట్ విద్యార్థులను, మిగతా యూనిట్ల విద్యార్థులను ఒకే రోగి దగ్గరికి విడివిడిగా పంపి, బయటి ఎగ్జామినర్ల చేత చూపించండి. తేడా లేకపోతే వదిలేయండి. ఉంటే ఆ పద్ధతిని విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలన్నిటికీ వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇవ్వండి. మా యూనిట్‌లో వాడుతున్న ఒక పేజీ పరిశీలన పత్రం తెలుగులో, ఇంగ్లీషులో సిద్ధంగా ఉంది. మీ కార్యాలయం అడిగిన రోజున తీసుకొచ్చి ఇస్తాను, ఎలా వాడాలో వచ్చి చూపిస్తాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

హైదరాబాద్‌లోని ఒక బోధనాసుపత్రి జనరల్ మెడిసిన్ అధ్యాపకురాలు